చుక్క ఆమ్లమునకు కడవల నీరు

కర్నూలు, కడప సీమలలో నాపరాయి పరవని ఇల్లు అరుదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు ప్రాంతముల గనులనుండి వచ్చు ఈ బండలే మనకు నేల, అరుగు, పొయ్యిగట్టు. ఈ రాతిమీద నీరు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఒక్క చుక్క వేసినచో అది చుర్రుమని నురుగు గ్రక్కును. రాతిలోని సున్నపు పదార్థము కరగి, బొగ్గుపులుసు గాలి వెలువడుటయే ఆ నురుగునకు కారణము. అదే చుక్కను మంగంపేట ముగ్గురాతిపై వేసినచో ఏ చలనమును ఉండదు. కనుకనే రాతి గుణము తెలియగోరిన భూగర్భ శాస్త్రజ్ఞుడు సంచిలో సుత్తితోపాటు ఆమ్లపు సీసాను కూడ ఉంచుకొనును. 1872లో విలియం కింగ్ ఈ రెండు సీమల రాతిపొరలను గూర్చి వ్రాసిన గ్రంథమును భారత భూగర్భ పరిశోధన శాఖవారు ప్రకటించిరి. మన ఊళ్ళ పేర్లు నేటికిని ఆ పొరలకు నిలిచియున్నవి. కడప జిల్లాలోని నార్జి అను పల్లె పేరు ఈ సున్నపురాతికే పేరైనది.

ప్రకృతి కూడ ఈ ప్రయోగమునే చేసినది. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు గాలిని కలుపుకొని మిక్కిలి బలహీనమైన ఆమ్లమగును. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైబడి సాగిన బెలుం గుహలను తొలిచినది అట్టి నీరే. ఆ పనికి దానికి యుగములు పట్టినవి. ప్రయోగశాలలోని గాఢామ్లమునకు కంటిని పాడుచేయుటకు నిమిషము చాలును.

నేను రసాయనశాస్త్రము బోధించువాడను కాను. తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను. అయినను పద్యపాఠము విని లేచిన పిల్లలే మరుగంటలో ప్రయోగశాలకు పోవుదురు. వారి కన్నులును చేతులును చల్లగా ఉండవలెనను కోరిక అన్ని శాఖలవారికిని సమానమే. ఆ కోరికయే ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

మన కళాశాలలలో ముఖ్యముగా వాడు ఆమ్లములు మూడు. మొదటిది గంధకికామ్లము, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లము. నూనెవలె చిక్కనిది, నీటికంటె ఇంచుమించు రెండింతలు బరువైనది. రెండున్నర లీటర్ల సీసాలో నాలుగున్నర కిలోలకు మించిన ఆమ్లముండును. సీసా చిన్నదని మెడపట్టి ఎత్తువారు ఈ బరువును మరచిపోవుదురు. పంచదారను, నూలుగుడ్డను, చర్మమును ఇది నీరు పీల్చి నల్లగా మాడ్చును. రెండవది నత్రికామ్లము. బంగారమునుండి వెండిని వేరుచేయుటకు కంసాలులు వాడునది ఇదియే. ప్రొద్దుటూరి వంటి బంగారు బజారున దీని ఘాటు కొత్తది కాదు. ఇది చర్మముపై పసుపుపచ్చని మచ్చ వేయును. లోహముతో కలిసినప్పుడు వెడలు దీని ఎర్రని పొగ ఊపిరితిత్తులకు విషము. ఆ బాధ కొన్ని గంటలు గడచిన పిదప బయటపడుటయు కలదు. మూడవది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. మూత తీసినంతనే పొగలు గ్రక్కి ముక్కును, గొంతును మండించును.

ఈ మూటితో వ్యవహరించుటకు మొదటి నియమము ఇది: నీటిలో ఆమ్లమును పోయవలెనే కాని, ఆమ్లములో నీటిని పోయరాదు. నీరు తేలికయైనది కనుక గంధకికామ్లముపై పోసినప్పుడు పైననే నిలుచును. ఆ రెండింటి కలయికలో పుట్టు వేడికి ఆ పలుచని నీటిపొర తటాలున మరగి, ఆమ్లమును వెంటబెట్టుకొని పోసినవాని ముఖముపైకి చిమ్మును. ఎక్కువ నీటిలో కొంచెము కొంచెముగా ఆమ్లమును పోయుచు గాజుకడ్డీతో కలియబెట్టినచో, పుట్టిన వేడినంతయు నీరే భరించును. మన పాఠ్యగ్రంథములు నీరు కలిపిన ఆమ్లమును ‘సజలము’ అనుచున్నవి. ముందు జలమును తలచుకొనుమని ఆ మాటయే చెప్పుచున్నట్లున్నది.

రెండవ నియమమునకును నీరే ఆధారము. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళముగా పారు నీటితో కడుగవలెను. తడిసిన గుడ్డలను, గాజులను, ఉంగరములను కడుగుచునే తీసివేయవలెను. ఇరువది నిమిషములైనను ఆ కడుగుట ఆగరాదు. కంటిలో పడినచో రెప్పలు విప్పి పట్టి అంతసేపును కడుగవలెను. పిదపనే ఆసుపత్రి. కర్నూలు, కడప పెద్దాసుపత్రులు ఎంత సమర్థములైనను, పల్లెపట్టు కళాశాలనుండి అచ్చటికి చేరు గంటసేపు ఆమ్లము ఊరకుండదు.

ఇచ్చటనే మన సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. సాలునకు ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు నేల మనది. 1876–78 నాటి ధాత కరవు ఇచ్చటి పల్లెలను పాడుపెట్టినది. తుంగభద్రపై సుంకేసుల కడ మొదలగు కర్నూలు–కడప కాలువ అందిన చోట పైరు, అందని చోట ఆకాశమువైపు చూపు. చెంబెడు నీటితో ముఖము, కాళ్ళు, చేతులు కడుగుకొనుట మన తాతలు నేర్పిన విద్య. నీటిని పారబోయు పిల్లవానిని ఇంట మందలింతురు. ఇది సద్గుణమే. కాని గాఢామ్లము పడిన చేతికి చెంబెడు నీరు చాలదు. నీరు కొద్దిగా తగిలినచో గంధకికామ్లము వేడెక్కి మరింత కాల్చును. విస్తారముగా తగిలినచో వేడియు, ఆమ్లమును రెండును కొట్టుకొనిపోవును. కావున పొదుపరియైన పిల్లవానికి ప్రయోగశాల గుమ్మముననే చెప్పవలెను: “నాయనా, ఇచ్చట మాత్రము నీటికి వెనుదీయకుము.”

చెప్పుటకు ముందు నీరుండవలెను గదా! ఇంటర్మీడియట్ ప్రయోగ పరీక్షలు సాధారణముగా ఫిబ్రవరి ప్రాంతమున జరుగును. లవణ విశ్లేషణలో గాఢ గంధకికామ్లము లేనిదే పని జరుగదు. ఎండ ముదిరి బోరుబావులు తగ్గుముఖము పట్టు దినములు అవియే. కుళాయి తిప్పిన గాలి మాత్రము వచ్చు ప్రయోగశాలలు ఈ సీమలో లేకపోలేదు. లెక్క చూడుడు: నిమిషమునకు 10 లీటర్ల చొప్పున 20 నిమిషములకు 200 లీటర్లు, అనగా ఒక పెద్ద డ్రమ్ము, మన కొలతలో ఇంచుమించు పదునైదు కడవలు. శుభ్రమైన డ్రమ్మునొకదానిని ఎత్తుపీటపై నిలిపి, అడుగున కుళాయి అమర్చి, దినదినమును నింపి ఉంచుట ఏ కళాశాలకును శక్తికి మించిన పని కాదు. ఆమ్లపు సీసా కొనుటకు ముందు ఈ డ్రమ్ము కొనవలెను. డ్రమ్ము నిండని దినమున సీసా మూత తీయరాదు.

తక్కిన జాగ్రత్తలు ఇంతకంటె సులభములు. కండ్లద్దములు, చేతితొడుగులు, ముందుగుడ్డ, కాళ్ళను కప్పు చెప్పులు ఉండవలెను. సీసాను ఒక చేత అడుగున, ఒక చేత ప్రక్కన పట్టి మోయవలెను. తలకు మించిన అరలో పెట్టరాదు. గొట్టముతో నోట పీల్చి కొలుచు పాత అలవాటు పూర్తిగా మానవలెను. నత్రికామ్లమును స్పిరిటు వంటి మండు ద్రవముల ప్రక్కన ఉంచరాదు. ఆమ్లము బల్లపై ఒలికినచో పొడి ఇసుకతో కట్టవేసి, సోడా చల్లి, నురుగు ఆగిన పిదప ఎత్తివేయవలెను. కడపబండ పరచిన బల్లలైనచో బండయే పొంగి మెరుపు చెడును. ఆ గుంటలే విద్యార్థికి పాఠములు. కాని సోడాను గాని, పసుపును గాని, నేతిని గాని ఒంటి గాయముపై వేయరాదు. ఆమ్లము మ్రింగినవారిచే వాంతి చేయింపరాదు. నోరు పుక్కిలింపజేసి వెంటనే వైద్యునికడకు చేర్చవలెను.

తెలుగువానిగా నా మనవి ఒకటి. సీసాలపై ఇంగ్లీషు అక్షరములతోపాటు పేరును, అపాయమును తెలుగున వ్రాసి అంటింపుడు. ఆ సీసాలను మొదట ముట్టువాడు ఆచార్యుడు కాడు, అటెండరు. వానికి చదువవచ్చిన భాషలో హెచ్చరిక ఉండుట న్యాయము.

ఆమ్లము ఇండ్లలోనికిని వచ్చినది. స్నానాల గది కడుగు ఆసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపినచో ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుట్టును. దుర్మార్గుల చేతిలో అది ఆడపిల్లల ముఖములపై పడుటయు మనము చూచితిమి. 2008లో వరంగల్లున ఇరువురు ఇంజనీరింగ్ విద్యార్థినులపై జరిగిన దాడిని తెలుగునాడు మరువలేదు. 2013 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు ఆమ్లము అమ్ముటకు కట్టుబాట్లు విధించినది. విద్యాలయములు కూడ వాడకపు చిట్టా ఉంచవలెననియు, భద్రపరచుటకు ఒక వ్యక్తి బాధ్యుడు కావలెననియు, ప్రయోగశాల నుండి వెలికివచ్చువారిని తనిఖీ చేయవలెననియు అందు నిర్దేశింపబడినది. ఆ చిట్టాలో ఎంత ఆమ్లము వచ్చినది, ఎంత చెల్లినది అని వ్రాయుచున్నారు. దాని ప్రక్కనే ‘నేడు డ్రమ్ము నిండినది’ అని ఇంకొక గడి చేర్చిన బాగుండును.

కరవుసీమలో నీటి విలువ ఒకరు చెప్ప పనిలేదు. పంటకు, పశువుకు, మనిషికి దాచుకొన్నట్లే, ప్రయోగశాలలోని బిడ్డల కన్నులకును పదునైదు కడవలు దాచి ఉంచుదము. అవి ఏడాది పొడవునను అక్కరకు రాకపోయిన అంతకంటె భాగ్యమేమున్నది? వేసవి ముగిసిననాడు ఆ నీటిని కళాశాల ఆవరణములోని వేపచెట్లకు పోయవచ్చును.