మూడు సింహాల బొమ్మ ఎవరిది?

మా బావగారు రిటైరైన నెలలోనే లెటర్ ప్యాడ్లు అచ్చు వేయించుకోవడానికి శ్రీకాకుళం నుంచి విజయనగరం వచ్చారు. తోడుగా నేనూ ప్రెస్సుకు వెళ్ళాను. కాగితం నెత్తిన మూడు సింహాల బొమ్మ, దాని కింద తన పేరు, మాజీ హోదా. ఇదీ ఆయన కోరిక.

ప్రెస్సు ఆసామి తల గోక్కున్నాడు. "వెయ్యమంటే వేస్తాను గానండి, వెయ్యొచ్చని ఆర్డరేటైనా ఉందేటండి?"

బావగారికి చిర్రెత్తుకొచ్చింది. "ముప్ఫయ్యేళ్ళు ఆ బొమ్మ కిందే సంతకాలు పెట్టానయ్యా! జమీందార్లు తమ ముద్రలు వేసుకోలేదూ? వాళ్ళకెవరిచ్చారు ఆర్డరు?"

నలుగురిలో ఎదురు చెప్పలేక, ఇంటికొచ్చి కాఫీ తాగాక సంగతి ఎత్తాను.

లాంఛనమంటే ఎవరికి వారు తగిలించుకునే నగ కాదు. మన ముఖలింగం ప్రాంతాన్ని ఏలిన గాంగరాజుల తామ్రశాసనాలకు నంది ముద్ర ఉండేది. దానం పట్టినవాడికి భూమి దక్కేది; ముద్ర మాత్రం రాజుదే.

ఇంగ్లండులో లాంఛనం ప్రసాదించే హక్కు సింహాసనానిది. 1484లో మూడవ రిచర్డు సనదుతో వెలసిన 'కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్' అధికారులు ఆ హక్కుతోనే పత్రాలు రాసి ఇస్తారు. మాంచెస్టరులో ఒక నాటకశాల కంపెనీ నగర కార్పొరేషను లాంఛనాన్ని వాడుకుంది. రెండు వందల ఏళ్ళకు పైగా నిద్రపోతున్న 'కోర్ట్ ఆఫ్ షివల్రీ'ని 1954లో తట్టి లేపి మరీ దావా నడిపారు. కార్పొరేషనే గెలిచింది.

ఆ ముచ్చట మన దేశంలోనూ జరిగింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారులో, వైస్రాయి లిట్టన్ సంస్థానాధీశులకు పట్టు పతాకాలు బహూకరించాడు. వాటి మీద ఇంగ్లీషు పద్ధతిలో వంశ లాంఛనాలు. వాటిని కూర్చినవాడు రాబర్టు టేలరు అనే బెంగాలు సివిలు ఉద్యోగి. వంశాలు మనవి, గీసిన చెయ్యి దొరది!

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1950 జనవరి 26న సారనాథ్ సింహాలు దేశ చిహ్నమయ్యాయి. దాన్ని ఎవరికైనా ప్రసాదించడానికిప్పుడు రాజు లేడు. ఉన్నది పార్లమెంటు చేసిన 2005 చట్టం. ప్రభుత్వానికి సంబంధించినదనే భ్రమ కలిగేలా ఆ బొమ్మను అనుమతి లేకుండా వాడితే రెండేళ్ళ దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూను. 2007 నియమాలు మాజీ మంత్రులనూ, మాజీ జడ్జీలనూ, రిటైరైన ఉద్యోగులనూ కూడా పేరు పెట్టి మరీ వారించాయి.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఇన్నాళ్ళూ అది నాది కాదన్నమాట."

"మీ కుర్చీది, బావా."

"బొమ్మ లేకపోతే ఇకమీదట నా ఉత్తరం ఎవరు చదువుతారోయ్?" అన్నారు. ఆయన కోపం వెనకున్న దిగులు అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు ఆయనే ప్రెస్సుకు వెళ్ళి పేరూ, ఊరూ మాత్రం వేయించుకొచ్చారు. ఆ కాగితం మీద మొదటి ఉత్తరం తన కింద పనిచేసిన జవాను పింఛను గురించి రాశారు. రెండు నెలల తరవాత, పింఛను మంజూరైందని చెప్పడానికి ఆ జవాను అరటిపళ్ళ అత్తంతో ఇంటికి వచ్చాడు.