ముక్కు దేహమునకు కావలివాడు

చోడవరం ప్రాంతము చెరకునకు, బెల్లమునకు పెట్టినది పేరు. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణం జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున సంక్రాంతి నాటికి చెరకు నరుకుడు, బండ్ల రాకపోకలు, బెల్లపు పొయ్యిల పొగ అధికమగును. బాటల దుమ్ము, ఎండిన పిప్పి పొడి, పొగ గాలిలో కలసి మన శ్వాసతో లోపలికి పోవును. ఆ గాలి ముక్కున పోవుచున్నదా, నోట పోవుచున్నదా యనునది చిన్న ప్రశ్నగా తోచును గాని, గ్రామారోగ్యమునకు అది ముఖ్యమైనది.

విశ్రాంతిగా నున్న మనిషి నిమిషమునకు 12 నుండి 18 పర్యాయములు శ్వాసించును. దినమునకు సుమారు 10,000 లీటర్ల గాలి మన లోపలికి పోవును. దీనిని శుభ్రపరచు పని ముక్కుది. ముందున్న వెండ్రుకలు పెద్ద నలుసులను ఆపును. లోపలనున్న చీమిడి పొర తక్కిన దుమ్మును చాలవరకు అంటించుకొనును. కంటికి కానరాని సన్నని నూగు ఎల్లప్పుడు కదలుచు ఆ చీమిడిని గొంతువైపు నెట్టగా, అది కడుపులోనికి పోయి జీర్ణమగును. ముక్కులోపలి పొరలలో నెత్తురు ప్రవహించుటచే చలిగాలి వెచ్చబడి, పొడిగాలి తేమను పొందును. నోట పీల్చిన గాలికి ఇంతటి సంస్కారము జరుగదు. అందుచేతనే నోరు తెరచి నిద్రించినవాడు గొంతు ఎండి మేల్కొనును.

1995లో స్వీడన్ దేశపు కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు మరియొక విశేషమును వెల్లడించిరి. ముక్కు చుట్టునున్న ఎముకల గూళ్లలో నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు అధికముగా పుట్టును. ముక్కున పీల్చిన గాలితో అది ఊపిరితిత్తులకు చేరి, నెత్తురు ప్రాణవాయువును గ్రహించుటకు తోడ్పడును.

అయితే ముక్కు అన్నిటిని ఆపజాలదు. మిక్కిలి సన్నని పొగ రేణువులు, బూజు పట్టిన పిప్పి నుండి లేచు సూక్ష్మబీజములు దానిని దాటిపోవును. అట్టి పిప్పి పొడిని తరచు పీల్చువారికి బెగాసోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చును. కావున పిప్పిని వానకు తడవకుండ కాపాడవలెను. కుప్పలు కదల్చువారు మంచి మాస్కు ధరింపవలెను. బరువు మోయునపుడు, పరుగెత్తునపుడు నోరు తెరచుట సహజమే. అందు దోషము లేదు.

విశ్రాంతిలోను, నిద్రలోను నోట శ్వాసించు పిల్లలను గూర్చియే మనము శ్రద్ధ వహింపవలెను. నోరు ఎండి లాలాజలపు రక్షణ తగ్గినచో పండ్లు త్వరగా పుచ్చును. ముక్కు వెనుక అడినాయిడ్లు అను కండ పెరిగిన పిల్లవాడు రాత్రి గురక పెట్టును. నిద్ర చెడి పగలు బడిలో తూగును. పెద్దలు వానిని సోమరియనియు, మొద్దు అనియు నిందింతురు. నిజమునకు వానికి కావలసినది వైద్యము. గురక నడుమ ఊపిరి ఆగుచున్నట్లు తోచినచో ఆలస్యము కూడదు. ఒక్క రంధ్రము నుండి మాత్రమే దుర్వాసనతో చీమిడి కారుచున్నచో, చింతగింజయో పూసయో లోపల చిక్కియుండవచ్చును. పుల్లతో తీయబోయినచో అది మరింత లోతునకు పోవును. నోటికి పట్టీ అంటించుటయు కొందరు సూచించుచున్నారు. ముక్కు మూసుకొనిన బిడ్డకు అది ప్రాణాపాయము కాగలదు.

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఇది. బడిలోను, అంగన్‌వాడీలోను ఎల్లప్పుడు నోరు తెరచియుండు పిల్లలెవరని ఉపాధ్యాయులను, కార్యకర్తలను అడిగి తెలిసికొనుడు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలను పరీక్షించు బృందమునకు వారిని చూపింపుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు సూచించినచో విశాఖపట్టణములోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి పంపుటకు ఆ కుటుంబమునకు సాయపడుడు. బండ్లు నడచు బాటలపై నీరు చల్లించుట, వీధులలో చెత్త తగులబెట్టనీయకుండుట, బెల్లపు పొయ్యిలకు ఎత్తైన పొగగొట్టము ఉండునట్లు చూచుట పంచాయతీ చేయదగిన పనులే. ఒక సభ్యుడు తన వార్డులో ఇట్టి బిడ్డ నొక్కనిని గుర్తించి సకాలమున వైద్యుని యొద్దకు చేర్చినను, ఆ బిడ్డ నిద్రయు, చదువును చక్కబడుటకు తోడ్పడినవాడగును.