ఆంగ్ల క్రియాపదమును దాని పరివారమును

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పరీక్షలో మా విద్యార్థి యొకడు ఉపాధ్యాయునకు లేఖ వ్రాయుచు "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ ద లెసన్" అని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో గీత గీచి, పైన "టు మీ" అని దిద్ది, అర మార్కు తగ్గించితిమి. మఱునాడు ఆ బాలుడు కాగితము చేతబట్టుకొని వచ్చి, "మాస్టారండీ, 'గివ్ మీ ద బుక్' అనుట ఒప్పని మీరే చెప్పితిరి గదా! అక్కడ ఒప్పయినది ఇక్కడ తప్పెట్లయినది?" అని యడిగెను. అప్పుడే గంట కొట్టిరి. "అది ఆ భాషా సంప్రదాయము, జ్ఞాపక ముంచుకొనుము" అని పంపివేసితిమి. ఆతడు తల యూచి వెడలిపోయెను. అటుపిమ్మట ఆతని వ్రాతలో తప్పులు తగ్గినవి గాని, వాక్యములును కుఱుచలైపోయినవి. తనకు నిశ్చయముగ తెలియని క్రియాపదము జోలికి పోవుటయే ఆతడు మానుకొనెను. ఆ సంవత్సరాంతముననే తండ్రికి బదిలీ కాగా పాఠశాల విడిచి వెళ్లెను. నాడు ఆతనికి చెప్పవలసియుండిన సమాధానమును నేడు మీకు చెప్పుచున్నాము.

మొదట మన భాషను చూతము. "పేతురు యోహానును చూచెను" అన్నను, "యోహానును పేతురు చూచెను" అన్నను అర్థము మాఱదు. "ను" అను ప్రత్యయము యోహానును అంటిపెట్టుకొని యున్నందున, ఆతడు వాక్యమున నెచట నున్నను చూడబడినవాడే యగును. ఆంగ్లమున నామవాచకమునకు అట్టి ప్రత్యయము లేదు. "పీటర్ సా జాన్" అనిన చూచినవాడు పీటరు. "జాన్ సా పీటర్" అనిన చూచినవాడు జాను. మనకు ప్రత్యయము చేయు పనిని వారికి స్థానము చేయుచున్నది. స్థానము చాలనిచోట "టు, ఫర్, ఎట్, విత్" మున్నగు చిన్న పదములు తోడ్పడును. మన ప్రత్యయములు నామమునకు వెనుక చేరును. ఇవి ముందు నిలుచును. వీనినే ప్రిపొజిషనులందురు.

ఆంగ్లమునకును ఒకప్పుడు విభక్తులుండెడివి. సుమారు వేయి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమున "హినె" అనగా "అతనిని", "హిమ్" అనగా "అతనికి". కాలక్రమమున పదముల కొసలు అరిగిపోయినవి. 1400వ సంవత్సరమున చాసరు కవి మరణించునాటికి నామవాచకములకు విభక్తి ప్రత్యయములు, షష్ఠి తప్ప, దాదాపుగా అన్నియు నశించినవి. సర్వనామములలో మాత్రము "ఐ, మీ", "హీ, హిమ్", "దే, దెమ్" అను భేదము మిగిలినది. "హినె" పోయి, "హిమ్" అనునదే రెండర్థములకును నిలిచినది. కాబట్టి "గివ్ మీ ద బుక్" అనునపుడు ఆ "మీ" లో మన "నాకు" దాగియున్నది. అందుచేతనే అచట "టు" అక్కఱలేదు.

ఇక "ఎక్స్‌ప్లెయిన్" సంగతి. గివ్, సెండ్, షో, టెల్, టీచ్, లెండ్ అనునవి ఆంగ్లమునకు పుట్టింటి పదములు. ఇవి ఆ పాత పద్ధతిని విడువలేదు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్ అనునవి తరువాతి శతాబ్దములలో లాటిను సంతతి నుండి వచ్చి చేరినవి. ఇవి పొందువానిని నేరుగ ప్రక్కన చేర్చుకొనవు. "టు" అను మధ్యవర్తి ఉండవలెను. "ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్ టు మీ" అనుటయే ఒప్పు. చెవితో పరీక్షించినను ఈ భేదము కొంతవఱకు తెలియును. మొదటి వర్గమువి ఏకాక్షరములు. రెండవ వర్గమున ఉచ్చారణ బలము రెండవ అక్షరముపై పడును. ఆఫర్, ప్రామిస్ అనునవి లాటిను మూలములయ్యును మొదటి అక్షరముననే బలము గలవి గాన పుట్టింటివానివలెనే నడచుకొనును. ఈ సూత్రమునకు అపవాదములు లేకపోలేదు. "సే" అనునది పుట్టింటి పదమే యైనను "సెడ్ టు మీ" అనవలెను గాని "సెడ్ మీ" అనరాదు. "టెల్" అనుదానికి "టోల్డ్ మీ" అనవలెను.

రెండవ విషయము సర్వనామముల తేలికదనము. ఆంగ్ల వాక్యమున తేలికపదము క్రియకు దగ్గఱగను, బరువైనది చివరను ఉండగోరును. "గివ్ ద బాయ్ ద బుక్" అనవచ్చును, "గివ్ ద బుక్ టు ద బాయ్" అనవచ్చును. పుస్తకమునకు బదులు "ఇట్" వచ్చినచో "గివ్ ఇట్ టు ద బాయ్" అనియే యనవలెను. రెండును సర్వనామములైనచో "గివ్ ఇట్ టు మీ" అనుట నిరపాయము.

ఈ తేలికదనమే మఱియొక చిక్కును విప్పును. "పుట్ ఆన్ యువర్ కోట్" అనియు, "పుట్ యువర్ కోట్ ఆన్" అనియు రెండు విధముల చెప్పుదురు. సర్వనామము వచ్చినపుడు మాత్రము "పుట్ ఇట్ ఆన్" అనియే చెప్పుదురు; "పుట్ ఆన్ ఇట్" అనరు. కాని "లుక్ ఎట్ ఇట్" అనవలెను. "లుక్ ఇట్ ఎట్" అనరాదు. ఎందుచేత? తెలుగున "కోటు తొడుగుకొనుము" అనునపుడు "కొను" అనునది క్రియతో కలిసినది. "పటము వైపు చూడుము" అనునపుడు "వైపు" అనునది పటముతో కలిసినది. అట్లే "పుట్ ఆన్" లోని "ఆన్" క్రియకు చెందినది గాన, "ఇట్" నడుమ దూరినను బంధము తెగదు. "ఎట్" అనునది నామమునకు చెందినది గాన, దానిని విడిచి ముందుకు పోజాలదు. సందేహము కలిగినపుడు ఒక నామవాచకమును నడుమ ఉంచి చూడుడు. "టర్న్ ద ల్యాంప్ ఆఫ్" అని చెల్లినది గాన "టర్న్ ఇట్ ఆఫ్" అనవలెను. "వెయిట్ ద బస్ ఫర్" అని చెల్లదు గాన "వెయిట్ ఫర్ ఇట్" అనవలెను.

మూడవ విషయము మన తెలుగు ప్రత్యయము ఆంగ్లములోనికి జాఱుట. "ఆ విషయమును గుఱించి చర్చించితిమి" అను అలవాటున "డిస్కస్డ్ అబౌట్ ద మ్యాటర్" అని వ్రాయుదురు. "పాఠశాలకు చేరితిని" అను అలవాటున "రీచ్డ్ టు ద స్కూల్" అనియు, "ఆమెతో వివాహమైనది" అను అలవాటున "మ్యారీడ్ విత్ హర్" అనియు వ్రాయుదురు. ఈ మూడింటను నడుమనున్న చిన్నపదము అక్కఱలేదు. దీనికి విరుద్ధముగ "పాటను వినుము" అనునది "లిజన్ ద సాంగ్" అగును. అచట "టు" కావలసియున్నది. ఈ తప్పులు తెలివితక్కువ వలన పుట్టినవి కావు. తెలుగు చక్కగ వచ్చినవాడే వీనిని చేయును. తన భాషలోని నియమమును నమ్మకముగ పాటించినందుననే ఆతడు పరభాషలో తొట్రుపడుచున్నాడు. ఇది గ్రహించిన ఉపాధ్యాయుడు గీత గీచుటతో ఊరకుండడు. ఏ తెలుగు ప్రత్యయము అచటికి వచ్చినదో చూపించును.

పరదేశములలోను ఇదే బాధ కలదు. జపానులో ఆంగ్లము బోధించిన హార్న్‌బీ అను ఆంగ్లేయుడు తన విద్యార్థుల చిక్కులు చూచి, గేటన్‌బీ, వేక్‌ఫీల్డు అను మిత్రులతో కలిసి ఒక నిఘంటువును కూర్చెను. అది 1942లో టోక్యోలో అచ్చయినది. 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు దానిని మరల ప్రకటించిరి. అందు క్రియాపదముల నడకను 25 విధములుగ విభజించి, ఏ క్రియ ఏ విధమున నడచునో సంఖ్యతో సూచించిరి. ఆ నిఘంటువు వంశమువే నేడు మన విద్యార్థులు వాడు ఆక్స్‌ఫర్డు అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువులు. అర్థము చూచి పుస్తకము మూసివేయక, క్రింద నున్న ఉదాహరణ వాక్యమును గూడ చదువుడు. క్రియ యొక్క పరివారమంతయు అచటనే యుండును.

మేము సూచించు పద్ధతి యిది. నోటుపుస్తకమున "ఎక్స్‌ప్లెయిన్ అనగా వివరించుట" అని వ్రాసికొనకుడు. "ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ" అని పరివారముతో కూడ వ్రాసికొనుడు. ప్రక్కన "ఒకనికి ఒక విషయమును వివరించు" అని తెలుగున వ్రాసి, "కు" ఎచట "టు" ఐనదో, "ను" ఎచట మాయమైనదో చూచికొనుడు. దినమునకు మూడు క్రియల చొప్పున ఇట్లు వ్రాసినచో, సంవత్సరము తిరుగునప్పటికి వేయికి మించును.

విద్యార్థులారా, గంట కొట్టినను అడుగుడు. మేము తొందరపడి పంపివేసినచో మఱునాడు వచ్చి మరల అడుగుడు. తప్పు పోవునను భయమున వాక్యమును కుదించుకొనకుడు. ఆ బాలుడు ఎచట నున్నను ఈ సంచిక ఆతని కంటబడినచో, ఆతని ప్రశ్న సరియైనదనియు, ఆ దినమున తప్పిపోయినది మా సమాధానమే యనియు తెలిసికొనును గాక.