సీమ గట్టినేలకు లోడర్ బకెట్: పళ్లబద్ద ఎంపికలో గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు: కర్నూలు, కడప జిల్లాలలో వేసవి ముగిసి తొలకరి పడేలోగా రైతు పూర్తి చేసుకోవలసిన మట్టిపనులు అనేకం. చెరువు పూడికను పొలానికి చేర్చడం, దిబ్బలోని పెంట తోలడం, వానకు కోసుకుపోయిన గట్లను పూడ్చడం, సేద్యపు కుంటలో పేరుకున్న ఒండ్రును తొలగించడం వీటిలో ముఖ్యమైనవి. ఒకప్పుడు ఇవన్నీ పార, గంప, ఎద్దులబండితోనే సాగేవి. ఇప్పుడు చిన్న ట్రాక్టరు ముందుభాగాన అమర్చే లోడర్ బకెట్ కూడా ఈ పనులకు అందుబాటులో ఉంది.

ఈ బకెట్‌తో సీమ రైతుకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది నేల గట్టితనమే. ఎండి బిగిసిన నేల మీద బకెట్ అంచు లోనికి దిగక జారిపోతుంది. డ్రైవరు వేగం పెంచుతాడు, చక్రాలు తిరుగుతాయి, డీజిలు ఖర్చవుతుంది, మట్టి మాత్రం బకెట్‌లో పడదు. దీనికి పరిష్కారంగా బకెట్ అంచుకు బిగించే పరికరమే పళ్లబద్ద. విపణిలో దీనిని టూత్ బార్ అని వ్యవహరిస్తారు. ట్రాక్టరు శక్తిని మాత్రమే చూసి దీనిని ఎంపిక చేసుకోవడం పొరపాటు. ముందుగా నేలను, ఆ తరువాత పనిని, చివరగా యంత్రాన్ని చూడవలసి ఉంటుంది. ఈ క్రమం తప్పితే పెట్టిన సొమ్ము వృథా కావడమే కాక ట్రాక్టరుకు, చెరువుకు, ఒక్కొక్కసారి మనిషి ప్రాణానికీ ముప్పు వాటిల్లుతుంది.

గుంటక, గొర్రు చెప్పే పాఠం

పళ్లబద్ద పనిచేసే తీరు సీమ రైతుకు కొత్తది కాదు. గుంటకకు వెడల్పాటి బల్లపరుపు కత్తి ఉంటుంది. అది దున్నిన నేలలో పైపైన సాగి కలుపును కోస్తుంది. గొర్రుకు విడివిడిగా కర్రులు ఉంటాయి కనుక అది నేలలోకి దిగి చాలు తీస్తుంది. పళ్లు లేని బకెట్ గుంటక వంటిది, పళ్లబద్ద బిగించిన బకెట్ గొర్రు వంటిది. గట్టినేలను పారతో గాక గడ్డపారతో పెళ్లగించడంలోని కిటుకు కూడా ఇదే.

లెక్కలో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 120 సెంటీమీటర్ల వెడల్పు గల బకెట్‌కు ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల వెడల్పు గల 6 పళ్లను బిగించామనుకుందాం. అంతకు ముందు 120 సెంటీమీటర్ల అంచు అంతటా పరచుకున్న ఒత్తిడి, నేలను తాకే తొలి క్షణంలో 24 సెంటీమీటర్ల మీదనే కేంద్రీకృతమవుతుంది. అంటే ట్రాక్టరు అంతే బలంతో నెట్టినా పంటి మొన వద్ద ఒత్తిడి 5 రెట్లు అవుతుంది. పళ్ల సంఖ్యను పెంచిన కొద్దీ ఈ ప్రయోజనం తగ్గుతుంది. కనుక ఎక్కువ పళ్లున్న బద్ద మంచిదన్న అభిప్రాయం సరికాదు.

నేలను బట్టి ఎంపిక

ఈ రెండు జిల్లాలలో ఏటా కురిసే సగటు వర్షం సుమారు 700 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ. నేలలు ఎక్కువ కాలం ఎండి ఉండడం వలన ప్రతి రకం నేల తనదైన రీతిలో గట్టిపడుతుంది.

ఆదోని, ఆలూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో విస్తారంగా కనిపించే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి ఇటుకవలె బిగుసుకుంటుంది. తడి రేగడిలో పళ్ల సందులలో జిగట మట్టి ఇరుక్కొని, కొద్దిసేపటికే పళ్లు ఉండీ లేనట్లవుతాయి. కనుక రేగడికి ఎడం ఎక్కువగా ఉన్న పళ్లు అనువైనవి. పైన చెప్పిన ఉదాహరణలో రెండు పళ్ల నడుమ సుమారు 19 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. మట్టి పిడికిట నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో పొడిస్తే విరిగిపోయే పదునులో పని చేసుకోవడం మేలు.

పత్తికొండ ప్రాంతంలో అధికంగా గల ఎర్రనేలలలో పైపొర తక్కువ లోతు, దాని క్రింద గరుసు ఉంటుంది. గరుసులో పంటి మొనలు త్వరగా అరుగుతాయి. ఇటువంటి చోట మొన అరిగితే దానిని మాత్రమే తీసి మార్చుకునే వీలున్న పళ్లబద్దను ఎంచుకోవాలి. పన్ను మొత్తం బద్దకు అతికి ఉన్న రకం ధర తక్కువైనా, పళ్లు అరిగినప్పుడు బద్దనంతటినీ వెల్డింగ్ షాపుకు మోసుకుపోవలసి వస్తుంది.

ఎర్రగుంట్ల, ముద్దనూరు పరిసరాలలో వలె నేల క్రింద కొద్ది లోతులోనే నాపరాతి పొరలు ఉన్నచోట ఏ పళ్లబద్దా పనికిరాదు. పంటి మొన రాతిపొర క్రింద చిక్కుకొనగా డ్రైవరు బలవంతంగా ఎత్తబోతే బకెట్ మూల వంగడం, లోడర్ చేతులు మెలిపడడం జరుగుతుంది. గడ్డపారతో నాలుగైదు చోట్ల గుచ్చి చూసి, రాయి తగలని మేరకే యంత్రాన్ని దింపడం ఉత్తమం.

కొలతలు, బిగింపు

పళ్లబద్ద కొనేముందు బకెట్ లోపలి వెడల్పును అంచు వద్దనే కొలవాలి. పాత బకెట్ ప్రక్క రేకులు వంగి ఉండవచ్చు కనుక పై వెడల్పును నమ్మరాదు. బద్ద రెండు చివరల పలకలు బకెట్ ప్రక్కలకు బోల్టులతో బిగుస్తాయి. మధ్యభాగం బకెట్ అంచుకు సందు లేకుండా ఆనుకోవాలి. సందు ఉంటే నెట్టిన ప్రతిసారీ భారమంతా బోల్టుల మీదనే పడి అవి తెగుతాయి. మొదటి కొన్ని గంటల పని తరువాత బోల్టులను మరల బిగించడం తప్పనిసరి.

బకెట్‌కు పళ్లను శాశ్వతంగా వెల్డింగ్ చేయించడం చవకగా తోచవచ్చు. కాని అదే బకెట్‌తో ధాన్యం, ఎండిన పెంట ఎత్తవలసి వస్తే సందులగుండా జారిపోతుంది. పొలం చదును చేయబోతే పళ్లు గీతలు పెడతాయి. రెండు బోల్టులు విప్పి తీసివేయగల బద్ద వలన ఒకే బకెట్ రెండు విధాల ఉపయోగపడుతుంది. ఒకే యంత్రాన్ని పలువురు వాడుకునే అద్దె కేంద్రాలకు ఇది మరింత ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం క్రింద యంత్రాల అద్దె కేంద్రాలకు ప్రోత్సాహం లభించింది. ఇటువంటి కేంద్రాలు రేగడికొకటి, గరుసుకొకటి చొప్పున రెండు బద్దలు ఉంచుకుంటే ట్రాక్టరును మార్చకుండానే రెండు రకాల నేలలకూ సేవలందించవచ్చు.

బరువు లెక్క

పళ్లబద్ద బరువు కూడా లోడర్ మోయవలసిన బరువే. ఉదాహరణకు ఒక చిన్న లోడర్ బకెట్‌తో కలిపి 300 కిలోలు ఎత్తగలదనుకుందాం. బకెట్ 60 కిలోలు, బద్ద 30 కిలోలు అయితే మట్టికి మిగిలేది 210 కిలోలే. ఘనపు మీటరు తడిమట్టి సుమారు 1,700 కిలోలు తూగుతుందనుకుంటే, 0.15 ఘనపు మీటరు పట్టే బకెట్‌ను నిండుగా నింపితే 255 కిలోలవుతుంది. పళ్లు చేకూర్చిన సౌలభ్యంతో బకెట్ సులువుగా నిండుతుంది కనుకనే ఈ ప్రమాదం పెరుగుతుంది. ముందుకు బరువు మొగ్గితే వెనుక చక్రాలు తేలిపోయి పట్టు, బ్రేకు రెండూ సడలుతాయి. అందుచేత తయారీదారు సూచించిన మేరకు ట్రాక్టరు వెనుక ప్రతిబరువు తప్పక ఉండాలి.

ఇంకొక అపోహను కూడా తొలగించవలసి ఉంది. పళ్లబద్ద బిగించినంత మాత్రాన ట్రాక్టరు లోడర్ ఎక్స్‌కవేటర్ కాబోదు. వదులైన లేక ఒక మోస్తరు గట్టి మట్టిని పెళ్లగించి ఎత్తడమే దాని పని. కొత్తగా సేద్యపు కుంట త్రవ్వడం, బండరాళ్లు పెకలించడం, చెట్ల మొదళ్లు లాగడం దానికి తగినవి కావు.

చెరువులో పళ్లకు హద్దు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించిన ఆ చెరువుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు ఆ శాసనం తెలుపుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలను, ఉండరాని దోషాలను కూడా అది పేర్కొన్నది. అంతటి శ్రమతో నిలిపిన చెరువులు గల ప్రాంతమిది. పూడిక తీతలో యంత్రం తొందరపాటు వాటికి చేటు కారాదు.

చెరువులో మేట వేసిన ఒండ్రు వరకే పళ్లకు పని. రంగు మారి అసలు అడుగు కనబడగానే పని ఆపివేయాలి. నీటిని నిలిపే బంకమట్టి పొరను పళ్లు చీల్చితే చెరువు లోతవుతుంది గాని నీరు నిలువదు. సేద్యపు కుంటకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కట్ట పాదం, తూము, మరవ సమీపంలో యంత్రంతో త్రవ్వరాదు. ఎంత దూరం విడువవలెనో నీటిపారుదల ఇంజనీరు నిర్ణయించి, పని ఆరంభానికి ముందే సున్నంతో గీత గీయించడం మంచిది. తోలే ఒండ్రును ముందుగా భూసార పరీక్ష చేయించాలి. చౌడు గల ఒండ్రు పొలానికి చేరితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

యంత్రం, కూలీ

అధికారులు, పాత్రికేయులు దృష్టిలో ఉంచుకొనవలసిన మరొక అంశం యంత్రం ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండరాదు అన్నది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం గుత్తేదారులను నిషేధించి, కూలీల పనిని హరించే యంత్రాలను వీలైనంతవరకు దూరంగా ఉంచింది. కరవు సీమలో మట్టిపని అంటే వేసవిలో కూలీ కుటుంబానికి అన్నం. రైతు తన పొలంలో, తన ఖర్చుతో చేసుకునే పనికి లోడర్ వాడుకోవడం వేరు. కూలీల కోసం ఉద్దేశించిన పనిలోకి దానిని దింపడం వేరు. యంత్రాల వినియోగంపై వార్త వ్రాసేటప్పుడు ఆ పని ఏ నిధులతో, ఎవరి కోసం జరుగుతున్నదో విచారించడం అవసరం.

భద్రత

బకెట్ నిండుగా ఉన్నప్పుడు నేలకు దగ్గరగా ఉంచి నెమ్మదిగా నడపాలి. వాలు నేలపై అడ్డంగా పోరాదు. ఎత్తిన బకెట్ క్రింద ఎవరూ నిలువరాదు, బకెట్‌లో మనుషులను, ముఖ్యంగా పిల్లలను, ఎక్కించుకొనరాదు. పని ముగియగానే బకెట్‌ను నేలకు దించి ఇంజను ఆపాలి. రహదారి ఎక్కే ముందు పళ్లబద్దను విప్పివేయాలి. ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారునికి ఆ పళ్లు బల్లెముల వరుసతో సమానం. బోరు కేసింగు, బిందుసేద్యపు గొట్టాలు, భూగర్భ విద్యుత్తు తీగలు ఉన్న చోట్లను ముందే గుర్తించాలి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ యంత్రాల నిర్వహణలో శిక్షణ ఇస్తున్నది. అద్దె కేంద్రాల నిర్వాహకులు తమ డ్రైవర్లకు అటువంటి శిక్షణ ఇప్పించడం శ్రేయస్కరం.

పళ్లబద్ద చిన్న పరికరమే. అయితే కొనబోయే ముందు రైతు ఒక గడ్డపార తీసుకొని తన పొలంలో నాలుగు చోట్ల గుచ్చి చూడాలి. మొన దిగిన లోతు, తగిలిన రాయి, చేతికంటిన మట్టి ఏ పళ్లు కావలెనో, అసలు కావలెనో వద్దో, దుకాణదారు కంటె ముందుగా తెలియజేస్తాయి.