ఆచార్య ఎడ్విన్ గే గారి విద్యాజీవితము

వర్తకము బడిలో నేర్పదగిన విద్యయా, అంగడిలో కూర్చుండి నేర్చుకొనవలసినదేనా యని తల్లిదండ్రులు కొందఱు మమ్మడుగుచుందురు. ఈ ప్రశ్నకు తమ జీవితముచేతనే ప్రత్యుత్తరమిచ్చిన యొక అర్థశాస్త్రజ్ఞుని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఎడ్విన్ ఫ్రాన్సిస్ గే గారు 1867వ సంవత్సరమున అమెరికాలోని డెట్రాయిట్ నగరమున జన్మించిరి. 1890లో మిషిగన్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, చరిత్ర చదువుటకై ఐరోపాకు వెళ్లిరి. అచ్చట పండ్రెండేండ్లు గడపి, 1902లో బెర్లిను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును సంపాదించిరి. అప్పటికి వారికి ముప్పదియైదేండ్లు కావచ్చినవి.

వారి పరిశోధన యెట్టిదనగా: పూర్వము ఇంగ్లండులో భూస్వాములు గొఱ్ఱెల మేతకై ఉమ్మడి పొలములకు కంచెలు వేయుటచే రైతులు నిలువ నీడ లేనివారైరని గొప్ప మొఱ పుట్టెను. గే గారు ఆ మొఱను మాత్రమే నమ్మక, 1517, 1607 సంవత్సరములలో ప్రభుత్వము జరిపిన విచారణల పత్రములను శోధించి, కంచె పడిన భూమిని లెక్కించిరి. అది జనులనుకొన్నంత లేదని తేలెను. బాధపడినవారు లేకపోలేదు, కాని మొఱ వేఱు, లెక్క వేఱు. ఈ పాఠమే వారి జీవితమున కాధారమాయెను.

1902లో వారు హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధకులుగా చేరిరి. 1908లో అచ్చట వర్తక విద్యాలయము స్థాపింపబడగా, దానికి తొలి డీనుగా వీరే నియమింపబడిరి. న్యాయవిద్యార్థులు వ్యాజ్యములను చర్చించునట్లు, వర్తక విద్యార్థులు నిజమైన వ్యాపార సమస్యలను చర్చించి నేర్వవలెనని వారి యభిప్రాయము.

1911లో వర్తక పరిశోధనకై యొక శాఖను నెలకొల్పి, మొదట చెప్పుల దుకాణముల ఖర్చులను విచారింపజేసిరి. అయితే ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిని లెక్కలు వ్రాయుచుండిరి. సొంత యింటిలో అమ్మువాడు అద్దెను ఖర్చులో వేయనిచో, అద్దెకున్నవానితో వాని లాభమును పోల్చుటెట్లు? అందుచే ముందుగా అందఱికి సరిపడు ఏకరీతి లెక్కల పద్ధతిని ఏర్పఱచిరి.

మొదటి మహాయుద్ధకాలమున ఓడల కొఱత యేర్పడగా, ఏ దిగుమతులను తగ్గింపవచ్చునో లెక్కించి ప్రభుత్వమునకు తోడ్పడిరి. 1920లో స్థాపింపబడిన జాతీయ ఆర్థిక పరిశోధనా సంస్థకు తొలి అధ్యక్షులైరి. భిన్నాభిప్రాయములు గలవారైనను అందఱు అంగీకరింపదగిన వాస్తవములను సమకూర్చుటయే దాని యుద్దేశము. ఆ కాలముననే ఒక వార్తాపత్రికను నడుపబూని నష్టపడి, 1923లో దానిని విడిచిరి. అందుకు క్రుంగిపోక, మరల హార్వర్డులో 1936 వఱకు బోధించిరి. 1946లో కాలిఫోర్నియాలో పరమపదించిరి.

ఇంత విద్వాంసులయ్యును వారు వ్రాసినది స్వల్పము. వారు స్థాపించిన సంస్థలును, వారి శిష్యులును వారి గ్రంథములైరి.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది: బేరము అంగడిలోనే అబ్బును. కాని తన యంగడి లెక్కను పొరుగువాని లెక్కతో సరిపోల్చి, లాభమెచ్చట నిలుచుచున్నదో, ఎచ్చట కాఱిపోవుచున్నదో కనుగొను చూపు చదువువలననే కలుగును.