పీల్చే పొడిలో జన్యువు

ఉదయం పూట కిటికీలోంచి ఇంట్లోకి పడే ఎండను చూడండి. ఆ వెలుగులో ధూళి రేణువులు తేలుతూ కనిపిస్తాయి. ఆ గాలినే మీరు పీలుస్తున్నారు. మరి ఆ ధూళి అంతా ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుందా? చేరదు. ఎందుకో తెలుసా?

గొంతు దిగిన గాలిగొట్టం రెండుగా చీలుతుంది. అవి మళ్ళీ రెండేసిగా చీలుతాయి. ఇలా దాదాపు 23 సార్లు చీలి, చివరకు చిన్న చిన్న గాలిగదులలో ముగుస్తాయి. మలుపుల్లో గాలి సులువుగా తిరుగుతుంది. బరువైన రేణువు మాత్రం, వేగంగా వచ్చే లారీలాగా, తిరగలేక గోడకు గుద్దుకుంటుంది. అక్కడి తడికి అంటుకుపోతుంది.

మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అంటారు. 5 మైక్రానులు దాటిన రేణువులు చాలావరకు నోటిలో, గొంతులో ఆగిపోతాయి. ఒక మైక్రానుకన్నా చిన్నవి చాలావరకు ఊపిరితోబాటే బయటికి వచ్చేస్తాయి. కాబట్టి ఊపిరితిత్తులకు పంపే మందు 1 నుంచి 5 మైక్రానుల మధ్య ఉండాలి.

ఎవరి కోసం?

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు పుట్టుకతో వస్తుంది. ఒక ప్రోటీనును ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే జన్యువులో తప్పు ఉండడమే దీనికి కారణం. ఊపిరితిత్తులలోని జిగురు చిక్కబడి, సూక్ష్మజీవులకు నిలయమవుతుంది. ఆ జన్యువును 1989లో కనుగొన్నారు. తప్పుగా తయారైన ప్రోటీనును సరిదిద్దే మంచి మాత్రలు ఇప్పుడున్నాయి. కాని రోగులలో సుమారు పదిమందికి ఒకరికి అవి పనిచేయవు. వారిలో చాలామందికి దిద్దడానికి అసలు ప్రోటీనే తయారు కాదు! వారికి సరైన జన్యువునే అందించాలి.

బ్రిటనులో ఈ ప్రయత్నం జరిగింది. జన్యువును కొవ్వు బిందువులలో చుట్టి, తుంపరగా మార్చి, నెలకొకసారి చొప్పున ఏడాదిపాటు రోగులచేత పీల్పించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. ఉప్పునీటి తుంపర పీల్చినవారికన్నా వీరి ఊపిరి బలం 3.7 శాతం మెరుగ్గా ఉంది. మేలు కొద్దిదే, కాని దారి కనిపించింది.

పొడి ఎందుకు?

జన్యు సందేశాన్ని మోసే ఆర్.ఎన్.ఏ. నీటిలో త్వరగా ముక్కలవుతుంది. దాన్ని గడ్డకట్టే చలిలో దాచాలి. పొడి చేస్తే ఆ బాధ తగ్గుతుంది.

పాలపొడి ఎలా చేస్తారు? పాలను వేడిగాలిలోకి తుంపరగా చిమ్ముతారు. నీరు ఆవిరై పొడి రాలుతుంది. జన్యువును కూడా ఇలాగే ఎండబెట్టవచ్చు. అయితే వేడి, చిమ్మే ఒత్తిడి దాన్ని దెబ్బతీస్తాయి. అందుకే ట్రెహలోజ్ వంటి చక్కెర కలుపుతారు. నీరు పోయిన చోట చక్కెర గాజులా గట్టిపడి, జన్యువును కదలకుండా పట్టి ఉంచుతుంది. పొడి ఉండకట్టకుండా ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం చేరుస్తారు. రేణువులు అతుక్కుంటే 5 మైక్రానుల హద్దు దాటిపోతాయి కదా!

పొడి పీల్చే పరికరం కొత్తదేమీ కాదు. ఉబ్బసం ఉన్న బ్రిటిషు వైద్యుడు రోజర్ అల్టూన్యన్ 1960లలోనే ఒకటి తయారుచేశాడు. రోగి గాలి లాగగానే అందులోని చిన్న పంకా తిరిగి, గొట్టంలోని మందుపొడిని ఎగజిమ్మేది. దానికి కరెంటు అక్కరలేదు. కాని ఊపిరి బలహీనమైన రోగి గట్టిగా లాగలేడు. ఇదొక చిక్కు.

మరొక చిక్కు ఆ జిగురే. పొడి దాన్ని దాటి కణంలోకి చేరాలి. కణాలు చనిపోయి కొత్తవి పుడుతుంటాయి గనుక మందు మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. అందుకే జన్యువుల పొడి ఇంకా మందుల దుకాణానికి రాలేదు. శాస్త్రజ్ఞులు కృషి చేస్తూనే ఉన్నారు.

ఒక ప్రశ్న: వానాకాలంలో ఉప్పు ఎందుకు ఉండకడుతుంది? ఈ పొడిని తేమ తగలని చోట ఎందుకు దాచాలో ఆ జవాబులోనే ఉంది. ఆలోచించండి!