నా జబ్బుకి పేరు లేదు!

— ఓ గ్రూప్ డాన్సర్ చెప్పుకున్న సొంత కథ

ముందుగా ఒక అబద్ధం ఒప్పుకోవాలి.

కృష్ణానగర్‌లో నన్నెరిగిన వాళ్ళందరికీ నాకు స్కూటర్ యాక్సిడెంట్ అయిందని తెలుసు. రాత్రి రెండింటికి షూటింగ్ నుంచి వస్తుంటే ఇసుక మీద బండి జారిందనీ, ఎడమకాలి నరం దెబ్బతిందనీ... ఎవరడిగినా ఇదే కథ. చెప్పగా చెప్పగా స్క్రీన్‌ప్లే కూడా బాగా కుదిరింది! అది విని అయ్యో పాపమన్న వాళ్ళున్నారు. ఇంటికి టిఫిన్ పంపిన వాళ్ళున్నారు. ఆటోకి డబ్బులు చేతిలో పెట్టి "ఉంచమ్మా" అన్న మేకప్‌మేన్ బాబాయిలున్నారు.

నాకు ఏ యాక్సిడెంటూ కాలేదు. అసలు నాకు స్కూటర్ నడపడమే రాదు!

మరి కాలికేమయిందంటారా? అదే కదా చిక్కు. నాలుగేళ్ళు దాటింది. జవాబు ఇంతవరకూ దొరకలేదు. నిజం చెబితే నమ్మరనిపించింది. అబద్ధం చెబితే నమ్మారు. అంతే సంగతి.

ఒక్క కౌంటు లేటు

2021 నవంబరు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఓ మాస్ పాట తీస్తున్నారు. మా వరుసలో పన్నెండుమందిమి. గ్రూప్ డాన్సర్ల సంగతి మీకు తెలిసిందే. హీరో వెనకాల ఎంత ఎగిరినా మా ముఖం ఎవరికీ గుర్తుండదు. కానీ పన్నెండుమందిలో ఒక్కరు తప్పితే చాలు, థియేటర్లో చిన్నపిల్లాడు కూడా కనిపెట్టేస్తాడు.

"ఫైవ్... సిక్స్... సెవెన్... ఎయిట్!" ఎయిట్‌కి ఎడమకాలు నేలని తన్నాలి. నా కాలు తన్నింది. కాకపోతే ఎయిట్‌కి కాదు, ఆ తర్వాతి ఒకటికి!

"ఏమ్మాయ్, రాత్రి నిద్ర సరిపోలేదా?" అన్నారు మాస్టారు నవ్వుతూ. ఐదో టేకుకి ఆయన ముఖంలో నవ్వు లేదు. ఎనిమిదో టేకుకి నన్ను వెనక వరుసలోకి పంపారు. తొమ్మిదో టేకు ఓకే అయింది. అంటే తప్పు నాదేనని యూనిట్ మొత్తానికీ తెలిసిపోయింది.

నేను కాలికి చెబుతున్నాను, కాలు వింటోంది... కానీ ఆలస్యంగా వింటోంది. ఈ ముక్క ఎవరికి ఎలా చెప్పను?

మూడు నెలలు తిరిగేసరికి టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేదాన్ని. సాయంత్రం ఆరు దాటేసరికి మాట ముద్దగా వచ్చేది. మెట్లు ఎక్కితే మళ్ళీ దిగడానికి ధైర్యం చాలేది కాదు. ఒకనాడు లంచ్ బ్రేక్ అయ్యాక నడుస్తూ నడుస్తూ లైట్ స్టాండు మీద పడ్డాను. వెనకనుంచి ఎవరో అన్నారు, "మందు కొట్టి వచ్చినట్టుంది" అని. ఆ మాట నాకంటే ముందే ఇల్లు చేరింది. తణుకులో ఉన్న అమ్మ చెవినా పడింది.

రిపోర్టులన్నీ నార్మల్!

రెండేళ్ళలో నలుగురు డాక్టర్లు, రెండు నగరాలు, ఒక సూట్‌కేసు నిండా ఫిల్ములు. అన్నట్టు, ఆసుపత్రిలోనూ ఫిల్ములే కదా!

మెదడుకీ వెన్నుకీ ఎమ్మారై తీశారు. కరెంటు షాకులిచ్చి నరాల వేగం కొలిచారు. కండరాల్లో సన్నటి సూది గుచ్చి వాటిలో విద్యుత్తు ఎలా ఉందో చూశారు. నడుములోంచి నీరు తీశారు. బి12, థైరాయిడ్, రాగి... రక్తంలో చూడని దినుసు లేదు. అన్నీ నార్మల్!

నార్మల్ అనగానే అమ్మ వెంకన్నకి దణ్ణం పెట్టుకుంది. నేను ఆసుపత్రి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. జబ్బు లేదంటే ఏడ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా అనుకుంటున్నారా? జబ్బు లేదంటే మరి నేను నటిస్తున్నట్టే కదండీ! నటన నా చేతనయితే వెనక వరుసలో ఎందుకుంటాను?

తర్వాత తెలుసుకున్నాను. ఎమ్మారై మెదడు రూపం చూపిస్తుంది. వాపు, గడ్డ, మచ్చ, నరం నలగడం, ఇలాంటివి ఉంటే చాలావరకూ పట్టిస్తుంది. కానీ రూపం చక్కగా ఉండి, పనితీరు మాత్రమే తప్పే జబ్బులు బోలెడున్నాయి. స్టిల్ ఫొటోలో అందరం తాళంలోనే ఉన్నట్టు కనిపిస్తాం. ఎవరు లేటో పాట నడిస్తేనే తెలుస్తుంది.

ఒక డాక్టరుగారు "పెళ్ళి చేసెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. ఇంకొకాయన "మనసులో ఏదో దిగులుందమ్మా" అని నిద్రమాత్రలు రాశారు. ఇక్కడో సంగతి చెప్పాలి. నరాలకి దెబ్బ తగలకపోయినా మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ దారి తప్పే జబ్బు ఒకటుంది. దాన్ని 'ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్' అంటారు. అదీ నిజమైన జబ్బే, నటన కాదు. అయితే రిపోర్టులు నార్మల్‌గా ఉన్నాయి కనక అదే అయ్యుంటుందని తేల్చెయ్యకూడదట. దానికీ పరీక్షలున్నాయి. మంచం మీద పడుకోబెట్టి, బాగున్న కాలు బరువుకి ఎదురు పైకెత్తమంటారు. అప్పుడు నీరసపడ్డ కాలు తనకు తెలియకుండానే కిందికి బలంగా నొక్కితే అది ఒక ఆనవాలు. నాకు నిద్రమాత్రలు రాసినాయన ఆ పరీక్ష చెయ్యలేదు. నా కాలు ముట్టుకోనేలేదు.

వెండితెర మీద డాక్టరుగారు

మన సినిమాల్లో డాక్టరుగారు కళ్ళజోడు తీశారంటే రోగం పేరు బయటపడ్డట్టే. 'ప్రేమాభిషేకం' (1981) లో నాగేశ్వరరావుగారికి క్యాన్సర్. 'గీతాంజలి' (1989) లో హీరోకీ హీరోయిన్‌కీ ఇద్దరికీ మృత్యువు ముంగిట్లోనే ఉంది. 'మాతృదేవోభవ' (1993) చూసి హాలు హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. రోగానికి పేరుంటే ప్రేక్షకుడు ఏడవడానికి సిద్ధంగా ఉంటాడు. డాక్టరు తల గోక్కుంటూ "ఏమో నండీ, అర్థం కావట్లేదు" అంటే ఆ సీను ఏ నిర్మాత ఒప్పుకుంటాడు?

మా నాన్న తణుకులో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశారు. 1985లో 'మయూరి' వచ్చినప్పుడు ఆయన అప్పుడే పనిలో చేరిన కుర్రాడు. ఆడినన్నాళ్ళూ రోజూ చూశారట. నేను డాన్సరునవడానికి ఆ సినిమాయే కారణం. 1981లో బస్సు ప్రమాదం తర్వాత సుధాచంద్రన్‌గారికి కాలు తీసేశారు. ఆవిడ జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ భరతనాట్యం నేర్చుకుని, సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వంలో తన కథలో తనే నటించారు. చిన్నప్పుడు ఆ సినిమా చూసి చప్పట్లు కొట్టాను. జబ్బు పడ్డాక చూసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, అసూయపడ్డాను! ఆవిడ కాలు లేదని అందరికీ కనిపిస్తోంది. నాకు కాలుంది. అదే నా మీద సాక్ష్యం చెబుతోంది!

ఓ రాత్రి నిద్రపట్టక సెల్‌ఫోన్‌లో 'బ్రెయిన్ ఆన్ ఫైర్' అనే ఇంగ్లీషు సినిమా చూశాను. అది జరిగిన కథే. 2009లో న్యూయార్క్‌లో సుసానా కాహలన్ అనే ఇరవై నాలుగేళ్ళ పత్రికా విలేకరికి ఉన్నట్టుండి మతి చలించింది, ఫిట్స్ వచ్చాయి. పరీక్షల్లో ఏమీ తేలలేదు. మందు అలవాటే కారణమన్న డాక్టరు కూడా ఉన్నాడు! (అక్కడా అదే మాట!) చివరికి డాక్టర్ సూహేల్ నజ్జర్ ఆమె చేతికి కాగితమిచ్చి గడియారం బొమ్మ వెయ్యమన్నారు. అంకెలన్నీ ఒకే పక్కకి వేసింది. దాంతో మెదడులో ఒక పక్క వాపుందని ఆయనకి అర్థమైంది. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఆ జబ్బుని వైద్యులు వర్ణించింది 2007లో. ఆమె ఇంకొన్నేళ్ళు ముందుగా జబ్బు పడుంటే పేరు కూడా దొరికేది కాదు!

ఆ రాత్రి నేనూ గడియారం వేశాను. అంకెలన్నీ సరిగ్గానే పడ్డాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తెలియదు" అన్న డాక్టరు

2023లో నాలుగో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సూట్‌కేసు తెరవబోతే ఆవిడ వద్దన్నారు. "ముందు నువ్వు నడువమ్మా, నేను చూస్తాను" అన్నారు. వరండాలో పదిసార్లు నడిపించారు. మడమ మీద, మునివేళ్ళ మీద, కళ్ళు మూసుకుని... సుత్తితో మోకాళ్ళు తట్టారు. ఆ కాలు పరీక్ష కూడా చేశారు. సాయంత్రందాకా కూర్చోబెట్టి, మాట ముద్దవడం స్వయంగా విన్నారు.

ఆవిడ కూడా కళ్ళజోడు తీశారు. నా గుండె ఆగిపోయింది.

"నీకున్నది జబ్బే. అందులో అనుమానం లేదు. ఏ జబ్బో మాత్రం నాకు తెలియదు" అన్నారు.

రెండేళ్ళలో నేను విన్న మొదటి మంచిమాట అది. ఆవిడ తెలియదన్నది జబ్బుని, నన్ను కాదు.

జన్యు పరీక్ష కూడా చేయించారు. మన జన్యువుల్లో ప్రొటీన్లు తయారుచేసే భాగం మొత్తంలో రెండు శాతం కూడా ఉండదు. ఆ భాగాన్నంతా అక్షరం అక్షరం చదువుతారు. నాకు ఒకచోట తేడా కనిపించింది. అది జబ్బుకి కారణమో, ఊరికే ఉన్న తేడాయో ఇప్పుడు చెప్పలేమని రాశారు. ఇలాంటి తేడాల అర్థం కొన్నేళ్ళకి తేలుతూ ఉంటుందిట. అంటే నా కథకి ఇంకా ఇంటర్వెలే పడలేదన్నమాట!

"పేరు దొరికేదాకా ఊరుకోవద్దు" అన్నారావిడ. వారానికి మూడురోజులు ఫిజియోథెరపీ, చేతిలో ఊతకర్ర, మధ్యాహ్నం గంట పడక, ఆర్నెల్లకోసారి ఆవిడ దగ్గర నడక. జబ్బు తగ్గలేదు. కానీ నేను కిందపడటం తగ్గింది.

కుర్చీలోంచి కౌంటు

ఇప్పుడు నేను డాన్స్ చెయ్యను. మాస్టారి దగ్గర రిహార్సల్సులో కౌంటు చెబుతాను, మానిటర్ చూసి ఎవరు లేటో పట్టుకుంటాను. లేటు సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు! నెలలో పది రోజులు చెయ్యగలను. మిగతా రోజులు ఒళ్ళు సహకరించదు. సంపాదన సగానికి సగం పడిపోయింది.

దరఖాస్తుల్లో 'జబ్బు పేరు' అనే గడి దగ్గర ఇప్పటికీ నా కలం ఆగిపోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. దీర్ఘకాలిక నాడీ సమస్యలూ అందులో ఉన్నాయి, కదలికల లోపమూ ఉంది. నలభై శాతం ఉందని తేలితే ఆసరా ఉంటుంది. నాలుగో డాక్టరుగారు ఆ గడిలో 'నిర్ధారణ కాలేదు' అని రాసి, కింద నా కాలు ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో అరపేజీ రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని తిరుగుతున్నాను.

మంచం దిగలేని రోజుల్లో జెన్నిఫర్ బ్రియాని తలుచుకుంటాను. అమెరికాలో చదువుకుంటూ ఇరవై ఎనిమిదేళ్ళకి మంచాన పడింది. మనోవ్యాధి అన్నారు. ఆమె మంచం మీంచే కెమెరా నడిపి 'అన్‌రెస్ట్' అనే డాక్యుమెంటరీ తీస్తే, 2017లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. నేనైతే కుర్చీలో కూర్చోగలను కదా!

ఇక అబద్ధం సంగతి. ఈమధ్య 'ఐ యామ్: సెలీన్ డియోన్' (2024) చూశాను. అంత పెద్ద గాయని! కండరాలు బిగుసుకుపోయే 'స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్' తనకుందని 2022 డిసెంబరులో లోకానికి చెప్పింది. అది పది లక్షల్లో ఒకరికొచ్చే జబ్బు. అప్పటికి పదిహేడేళ్ళుగా బాధ పడుతోందిట. స్టేజి మీద గొంతు పలక్కపోతే, తప్పు మైకుదన్నట్టు మైకుని తట్టేదట. ఆ అబద్ధాల బరువు ఇక మొయ్యలేనని ఆ చిత్రంలో ఒప్పుకుంది. 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఈఫిల్ టవర్ మీంచి పాడింది కూడా.

ఆమె మైకు, నా స్కూటరు... రెండూ ఒకటే!

ఈ వ్యాసం రాసేముందు మాస్టారి ఇంటికి వెళ్ళాను. యాక్సిడెంట్ కాలేదని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే ఆ రోజు తొమ్మిది టేకులు..."

"అవును మాస్టారూ. అదే మొదలు."

"నిద్ర సరిపోలేదా అన్నాను కదమ్మా నిన్ను."

నేనేమీ అనలేదు. వాళ్ళావిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. చెయ్యి వణికింది. ఈసారి దాచుకోలేదు. వచ్చేస్తుంటే గుమ్మందాకా వచ్చి "రేపు ఏడింటికి రిహార్సల్. కుర్చీ వేయించి ఉంచుతాను" అన్నారు.

టిఫిన్ పంపిన వాళ్ళకీ, ఆటో డబ్బులిచ్చిన బాబాయిలకీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. మీ జాలి నేను అబద్ధం చెప్పి తీసుకున్నాను, క్షమించండి. కాలు బాధ మాత్రం అబద్ధం కాదు. ఇకమీదట మీ యూనిట్లో ఎవరైనా కుర్రది, కుర్రాడు ఒక్క కౌంటు లేటయితే, "తాగొచ్చావా" అనేముందు ఒక్కసారి "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగండి.

జవాబు వాళ్ళకీ తెలియకపోవచ్చు. అయినా సరే, అడగండి!